డయల్ మీద సున్నా, గార్డు కింద నల్ల పొడి: ఒక బాయిలర్ ఫీడ్ పంపు అలైన్‌మెంట్ కేసు

మోటారు షాఫ్టునూ పంపు షాఫ్టునూ కలిపే కప్లింగ్ గార్డు కింద, బేస్ ఫ్రేమ్ మీద నల్లటి పొడి కనిపించింది. వేలితో తీసి రుద్దితే మెత్తగా, కాస్త జిగురుగా తగిలింది. పిన్-బుష్ కప్లింగ్‌లో రబ్బరు బుష్‌లు నలిగి రాలిన పొడి అది. బుష్‌లు మార్చి అప్పటికి పంతొమ్మిది రోజులే. ఆ రోజు మా వాళ్లు డయల్ గేజ్ (సన్నటి తేడాను ముల్లుతో చూపే సాధనం) పెట్టి అలైన్‌మెంట్ కూడా చేశారు, అంటే రెండు షాఫ్టులూ ఒకే గీతలో ఉండేలా సరిచేశారు. రిజిస్టర్‌లో పైనా కిందా సున్నా అని రాసి, సంతకం కూడా పెట్టారు.

ఇది కోస్తాలో ఒక చక్కెర ఫ్యాక్టరీలో జరిగింది. క్రషింగ్ సీజన్ మధ్యలో ఉన్నాం. బాయిలర్‌కు నీళ్లు పెట్టే ఫీడ్ పంపులు రెండు ఉన్నాయి, ఒకటి నడుస్తుంటే ఇంకోటి స్టాండ్‌బై. మోటారు 160 కిలోవాట్లు, నిమిషానికి 2,980 చుట్లు. మల్టీస్టేజ్ పంపు, కాళ్లు కింద బేస్ మీద ఉంటాయి. డీయరేటర్ (నీళ్లలో కరిగిన గాలిని తీసేసే ట్యాంకు) నుంచి 105 డిగ్రీల నీళ్లు దీంట్లోకి వస్తాయి. ఈ పంపు ఆగి, స్టాండ్‌బై కూడా అందుకోకపోతే బాయిలర్ ట్రిప్ అయి ఆగిపోతుంది, దాంతోపాటు మిల్లూ. యార్డులో ట్రాక్టర్ల మీద చెరకు ఎండుతూ ఉంటుంది, ఎండేకొద్దీ రికవరీ (చెరకు నుంచి వచ్చే చక్కెర శాతం) పడిపోతుంది, గేటు దగ్గర రైతులు నిలబడే ఉంటారు. స్టాండ్‌బై పంపులో బేరింగ్ అప్పటికే సన్నగా అరుస్తోంది. అందుకే అందరికీ టెన్షన్.

సీజన్‌కు ముందు ఇదే పంపుకు బయటి టీమ్ వచ్చి లేజర్‌తో అలైన్‌మెంట్ చేసి వెళ్లింది. రిపోర్టులో అన్నీ పచ్చ రంగే, అంటే అన్నీ హద్దులోనే. మూడు వారాలకు బుష్‌లు పోయాయి. రెండోసారి మా ఫిట్టర్లే డయల్‌తో చేశారు, పంతొమ్మిది రోజులకు మళ్లీ ఇదే. మధ్యలో పంపు డ్రైవ్ ఎండ్ (కప్లింగ్ వైపు) బేరింగ్ ఒకసారి మార్చాం. స్టోర్స్ వాళ్లు తెచ్చిన బుష్‌లు నాసిరకం అని ఒక మాట, ఫిట్టర్ల చేతి లోపం అని ఇంకో మాట నడిచాయి. నాకు రెండూ నమ్మబుద్ధి కాలేదు. వేరే వాళ్లు, వేరే పనిముట్టుతో, వేరే బుష్‌లతో చేసినా ఫలితం ఒకటే అయినప్పుడు, మెషిన్ నడిచేటప్పుడు మనం పెట్టిన చోట ఉండటం లేదని అనుమానించాలి. లేజర్ అబద్ధం చెప్పలేదు, ఫిట్టర్లూ దొంగ రీడింగ్ రాయలేదు. ఆగి, చల్లబడి ఉన్న మెషిన్‌ను కొలిచి, అది వేడెక్కి తిరిగేటప్పుడూ అలాగే ఉంటుందని అనుకున్నాం. తప్పు అక్కడే జరిగింది.

ఆపకముందే చూసినవి

పంపు ఇంకా నడుస్తోంది కాబట్టి ముందు దాన్ని నడుస్తుండగానే చదువుకున్నాను. మోటారు డ్రైవ్ ఎండ్‌లో యాక్సియల్ వైబ్రేషన్ సెకనుకు 7.8 మిల్లీమీటర్లు. ఈ సైజు మోటారుకు, గట్టి ఫౌండేషన్ మీద, ఐఎస్ఓ వైబ్రేషన్ ప్రమాణం 10816-3 (2022 నుంచి దీని చోట 20816-3) ప్రకారం 7.1 దాటితే డి జోన్, అంటే మెషిన్ దెబ్బతినే స్థాయి. షాఫ్టు ఉన్న దిశలోనే ఇంత ఊపు ఉండటం, స్పెక్ట్రమ్‌లో (ఏ వేగం దగ్గర ఎంత ఊపు ఉందో చూపే గ్రాఫ్) తిరిగే వేగానికి రెండింతల దగ్గర పెద్ద పీక్ నిలబడటం, ఈ రెండూ కలిస్తే ఎవరైనా మిస్‌అలైన్‌మెంట్ అనే అంటారు.

ఇక్కడ ఒక్క క్షణం ఆగాలి. 2,980ని 60తో భాగిస్తే 49.7 హెర్ట్జ్, దానికి రెండింతలు 99.3. మన కరెంటు 50 హెర్ట్జ్, మోటారులో అయస్కాంతం లాగుడు వల్ల వచ్చే ఊపు దానికి రెండింతలు, 100 హెర్ట్జ్. రెండూ పక్కపక్కనే ఉంటాయి. రిజల్యూషన్ తక్కువ పెడితే స్క్రీన్ మీద రెండూ కలిసిపోయి ఒకే గీతలా కనిపిస్తాయి. రెండు పోల్ మోటార్ల దగ్గర చాలామంది ఇక్కడే దారి తప్పుతారు. వేరు చేయడానికి ఒక పాత పద్ధతి ఉంది. పీక్‌ను చూస్తూ ఉండగా కరెంటు ఆపమనాలి. విద్యుత్ వల్ల వచ్చేదైతే స్విచ్ ఆపిన క్షణంలోనే మాయమవుతుంది. యంత్రం వల్ల వచ్చేదైతే వేగంతో పాటు మెల్లగా దిగుతుంది. మా దగ్గర ఆ పీక్ 6.1 ఉంది. ఆపగానే టక్కున 4.4కి పడింది, మిగతాది మెల్లగా దిగింది. అంటే ఎక్కువ భాగం అలైన్‌మెంట్‌దే, కొంత మాత్రం మోటారు లోపలిది. ఆ కొంత ఎందుకో అప్పుడు తెలియలేదు, మోటారు కాళ్ల దగ్గరికి వెళ్లాక తెలిసింది.

స్విచ్ ఆపమనే ముందే ఇంకో పని చేశాను. మోటారు, పంపు కాళ్ల నుంచి షాఫ్టు ఎత్తు దాకా నల్ల టేపు ముక్కలు అంటించి, ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటర్‌తో వేడి రాసుకున్నాను. మెరిసే లోహం మీద ఆ థర్మామీటర్ తక్కువ చూపిస్తుంది, టేపు ఉంటే నమ్మవచ్చు. సగటున పంపు 80 డిగ్రీలు, మోటారు 48 ఉన్నాయి. రెండూ చల్లగా ఉన్నప్పుడు 30. ఈ మూడు అంకెలూ అప్పుడు ఊరికే రాసుకున్నట్టు అనిపించినా, కేసు మొత్తం చివరికి వీటి మీదే తేలింది.

పైపు లాగుడు

స్టాండ్‌బై తీసుకున్నాక మాకు పదహారు గంటలు ఇచ్చారు. బ్రేకర్ లాగి బయట పెట్టాం, నా తాళం, ఫోర్‌మన్ తాళం రెండూ వేశాం. సక్షన్, డిశ్చార్జ్ వాల్వులు మూసి, డ్రెయిన్ తీసి, పంపు పూర్తిగా చల్లారేదాకా ఏ ఫ్లాంజ్ మీదా స్పానర్ పెట్టనివ్వలేదు. 105 డిగ్రీల నీళ్లు ఒత్తిడి తగ్గగానే ఆవిరై మొహం మీదికి వస్తాయి. గంటలు పోతున్నాయని ఎవరైనా తొందర పెట్టినా ఇక్కడ వినకూడదు.

చల్లారాక కప్లింగ్ మీద డయల్ గేజ్ రెండు పెట్టించాను, ఒకటి నిలువుకు, ఒకటి అడ్డానికి. పిన్నులు తీసేశాం. తర్వాత సక్షన్ ఫ్లాంజ్ బోల్టులు ఎదురెదురుగా ఒక్కొక్కటే వదులు చేయమన్నాను. ముప్పై ఏళ్లుగా ఇదే పని చేస్తున్న మా పెద్ద ఫిట్టర్‌ను అందరూ బాబాయ్ అనే పిలుస్తారు. మూడో బోల్టు వదులు కాగానే ఆయన స్పానర్ ఆపి, డయల్ వైపు చూశాడు.

"ముల్లు నడుస్తోంది సార్."

నిజంగానే నడుస్తోంది. బోల్టులన్నీ వదిలేసరికి షాఫ్టు 0.17 మిల్లీమీటర్లు పక్కకు జరిగింది. పైపు కలిపేటప్పుడు గానీ విప్పేటప్పుడు గానీ షాఫ్టు 0.05 కంటే ఎక్కువ కదలకూడదని యంత్రాల ఇన్‌స్టలేషన్ ప్రమాణం ఏపీఐ 686 చెబుతుంది. ఫ్లాంజ్ వదిలేశాక రెండు ముఖాల మధ్య ఒక పక్క వేలు దూరేంత సందు, ఎదురు పక్క దాదాపు ఏమీ లేదు. ఎప్పుడో చైన్ బ్లాక్ వేసి ఈ పైపును బలవంతంగా లాగి బిగించారు. పైపు తిరిగి తన చోటికి పోవాలని చూస్తుంటే, ఆ బలమంతా పంపు కేసింగ్ మీద పడుతోంది.

సక్షన్ లైన్ వెంట నడిచి చూస్తే కారణం దొరికింది. మొదటి సపోర్టు కింద కాంక్రీటు దిమ్మె కాస్త కుంగింది. సపోర్టు పైపును మోయడం మానేసి చాలాకాలం అయినట్టుంది, మధ్యలో కాగితం దూర్చితే జారిపోయింది. పైపు బరువంతా పంపే మోస్తోంది. దిమ్మె పైన ప్లేటు వేసి సపోర్టు ఎత్తు సరిచేశాం. ఫ్లాంజ్ పక్కన స్పూల్ (పైపు ముక్క) కోసి, ముఖాలు సమంగా ఉండేలా పట్టి మళ్లీ వెల్డింగ్ చేయించాం. వెల్డర్‌కు ఒక్కటే గట్టిగా చెప్పాను, ఎర్త్ క్లాంప్ వెల్డింగ్ పక్కనే పైపు మీద పెట్టాలి, పంపు బాడీ మీద వద్దు. కరెంటు బేరింగ్ గుండా పోతే గుండ్ల మీద మచ్చలు పడి, వారంలో ఇంకో బేరింగ్ కేసు తయారవుతుంది. మళ్లీ ఫ్లాంజ్ బిగించినప్పుడు డయల్ 0.03 చూపించింది.

మోటారు కాళ్లు

మోటారు ఫ్రేమ్ 315. ఆ అంకె అర్థం తెలిస్తే పని సులువు, కాళ్ల అడుగు నుంచి షాఫ్టు మధ్యకు ఎత్తు 315 మిల్లీమీటర్లు అని. నాలుగు కాళ్లలో ఒక్కొక్క దాని మీద డయల్ పెట్టి, ఆ ఒక్క బోల్టు మాత్రమే వదులు చేసి చూశాం. మూడు కాళ్లు 0.03 లోపలే లేచాయి. ఫ్యాన్ వైపు ఎడమ కాలు మాత్రం 0.22 లేచింది. మేం పెట్టుకునే హద్దు 0.05. వదిలిన కాలు కింద సందు కొలిచే ఫీలర్ గేజ్ దూర్చితే బయటి మూల 0.25 దూరింది, లోపలి మూల ఏమీ దూరలేదు. అంటే కాలు మొత్తం పైకి లేచి లేదు, ఒక పక్కకు వంగి ఉంది. ఇలాంటి చోట ఎంత షిమ్ (ఎత్తు సరిచేయడానికి కాలి కింద పెట్టే పల్చటి రేకు) వేసినా కుదరదు, లోపలి అంచు మీద ఆని బయటి అంచు గాల్లోనే ఉంటుంది.

కాలి కింద నుంచి షిమ్‌లు బయటికి తీసి గోనె పట్టా మీద పరిచాం. ఏడు ముక్కలు. రెండు స్టెయిన్‌లెస్, మూడు జీఐ షీటు కత్తిరించినవి, ఒకటి నూనె డబ్బా రేకు, దాని మీద పచ్చ రంగు అక్షరం ఒకటి ఇంకా కనిపిస్తోంది. ఏడోది తుప్పు తినేసి వేళ్ల మధ్య పొరలుగా ఊడిపోయింది. కత్తిరించిన అంచులు పైకి లేచి ఉన్నాయి. ఆ కాలు మీద బోల్టు బిగించిన ప్రతిసారీ ఈ ఏడు ముక్కలూ స్ప్రింగులా నొక్కుకుని, మోటారు బాడీ మెలిక పడుతోంది. బాడీ మెలిక పడితే స్టేటరుకూ రోటరుకూ మధ్య గాలి సందు ఒకవైపు ఇరుకవుతుంది. కరెంటు ఆపగానే 6.1 నుంచి 4.4కి పడిపోయిన ఆ తేడా ఇదే.

బేస్ ముఖం ఫైల్‌తో, ఎమరీ రాయితో సమం చేసి, కాలి అడుగున ఇంజనీర్స్ బ్లూ రాసి అచ్చు చూశాం. నాలుగోసారికి అచ్చు నిండుగా పడింది. నాలుగు కాళ్ల కిందా గ్రైండ్ చేసిన ఒక్కొక్క మందపాటి ప్లేటు పెట్టాం, దాని మీద పల్చటి షిమ్‌లు రెండుకు మించకుండా. ఇప్పుడు ఏ కాలు వదిలినా 0.02 మించి లేవలేదు. దీనికే దాదాపు మూడు గంటలు పట్టింది. అలైన్‌మెంట్ అంటే కప్లింగ్ దగ్గరే జరిగే పని అనుకునేవారికి ఈ మూడు గంటలు వృథాగా కనిపిస్తాయి. నాకైతే రోజు మొత్తంలో ఎక్కువ పని జరిగింది ఇక్కడే.

ఇక కప్లింగ్

ఏదీ విప్పకముందే, ఉన్నది ఉన్నట్టుగా ఒకసారి రీడింగ్ తీయించి పెట్టుకున్నాను. పైన సున్నా పెట్టి తిప్పితే కుడి 0.03 ప్లస్, కింద సున్నా, ఎడమ 0.03 మైనస్. పైనా కిందా కలిపితే సున్నా, కుడీ ఎడమా కలిపినా సున్నా. ఈ రెండు మొత్తాలూ కలవకపోతే డయల్‌ను పట్టి ఉంచే స్టాండ్ కదిలిందని అర్థం, ఆ రీడింగ్ చింపేయాలి. ఇక్కడ కలిశాయి. రెండు హబ్బులూ (షాఫ్టు చివర ఉండే కప్లింగ్ సగాలు) కలిపి తిప్పారు కాబట్టి హబ్బు గుండ్రం తేడా కూడా ఇందులో లేదు. మా వాళ్లు పద్ధతిగానే చేశారు. మరి లోపం ఎక్కడ?

స్టాండ్ విప్పించి, ఒక మందపాటి పైపుకు అదే కొలతతో, అదే డయల్‌తో బిగించమన్నాను. పైన సున్నా పెట్టి పైపును తిప్పి కిందికి తెస్తే మైనస్ 0.10. పైపుకు అలైన్‌మెంట్ ఏముంటుంది? తన బరువుకు స్టాండ్ చేయి వంగుతోంది, అంతే. పైన ఉన్నప్పుడు హబ్బు మీదికి వాలుతుంది, కింద ఉన్నప్పుడు హబ్బుకు దూరంగా వేలాడుతుంది. అంటే కింద మనం చూసిన సున్నా నిజానికి ప్లస్ 0.10. అంచు మీద డయల్ తిరిగినప్పుడు అసలు తేడాకు రెట్టింపు చూపిస్తుంది కాబట్టి సగం చేస్తే 0.05. స్టాండ్ పంపు వైపు ఉంది, కింద ప్లస్ వచ్చింది, కాబట్టి మోటారు పంపు కంటే 0.05 కిందకు ఉంది. రిజిస్టర్‌లో సున్నా అని రాసిన రోజు నుంచీ ఇంతే.

ఇప్పుడు ఆ మూడు వేడి అంకెలకు వద్దాం. ఇనుము మీటరుకు, డిగ్రీకి దాదాపు 0.011 మిల్లీమీటర్లు పెరుగుతుంది. పంపు కాళ్ల నుంచి షాఫ్టుకు 355 మిల్లీమీటర్లు, వేడి పెరిగింది 50 డిగ్రీలు. లెక్క కడితే పంపు షాఫ్టు 0.20 పైకి లేస్తుంది. మోటారు 315 ఎత్తు, 18 డిగ్రీలు, లేచేది 0.06. తేడా 0.14. అంటే చల్లగా ఉన్నప్పుడు ఖచ్చితంగా సున్నా పెట్టినా, అరపూట నడిచాక మోటారు కన్నా పంపు 0.14 పైన ఉంటుంది. లేజర్ రిపోర్టు పచ్చగా ఉన్న మొదటి దఫా జరిగింది ఇదే. లేజర్‌కు స్టాండ్ వంగే బాధ లేదు, కానీ వేడి అంకెలు దానికి ఎవరూ ఇవ్వలేదు. రెండో దఫాలో స్టాండ్ వంపు కూడా తోడై 0.14 కాస్తా 0.19 అయింది. ఈ వేగానికి మేం పెట్టుకునే హద్దు 0.05. మూడు వారాలు నడిచిన బుష్‌లు రెండోసారి పంతొమ్మిది రోజులకే పోవడానికి ఇదీ ఒక కారణం అయి ఉండాలి.

ఈ లెక్క కాగితం మీద చూపించినప్పుడు బాబాయ్ చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత అన్నాడు, "అంటే సార్, మనం కావాలనే తప్పుగా పెట్టాలన్నమాట." తప్పుగా కాదు బాబాయ్, వేడెక్కాక వచ్చి కూర్చునే చోటికి ఎదురుగా పెట్టాలి అన్నాను. ఆయన తల ఊపి, కొత్త షిమ్ కిట్ విప్పాడు.

పైపు, కాళ్లు సరిచేశాక కొత్తగా రీడింగ్ తీశాం. స్టాండ్ వంపు తీసేస్తే కప్లింగ్ దగ్గర మోటారు 0.07 కింద. 200 మిల్లీమీటర్ల హబ్బు ముఖాల మధ్య పైన సందు, కింది కంటే 0.04 ఎక్కువ. అంటే మోటారు వెనక వైపు దిగి ఉంది, మిల్లీమీటరుకు 0.0002 చొప్పున. కప్లింగ్ నుంచి ముందు కాళ్లు 340, వెనక కాళ్లు 848 దూరంలో ఉన్నాయి. లెక్కవేస్తే ముందు కాళ్ల దగ్గర మోటారు 0.14, వెనక కాళ్ల దగ్గర 0.24 కింద ఉంది. వేడి కోసం ఇంకో 0.14 పైకి కావాలి. మొత్తం ముందు 0.28, వెనక 0.38. కిట్‌లో ఆ మందాలు లేవు, ముందు 0.30, వెనక 0.40 వేశాం. నాలుగు బోల్టులూ ఎదురెదురుగా మూడు దఫాలుగా టార్క్ రెంచితో బిగించాక మోటారు పంపు కంటే 0.15 పైన నిలిచింది. ముఖాల సందు తేడా 0.01. పక్క దిశ జాక్ బోల్టులతో సున్నాకు తెచ్చాం, దానికి అరగంట కూడా పట్టలేదు.

నడిపించాక

పదహారు గంటల్లో పద్నాలుగున్నర అయిపోయాయి. పంపు ఎక్కించి, వేడి స్థిరపడేదాకా నాలుగు గంటలు నడిపాం. మోటారు డ్రైవ్ ఎండ్ యాక్సియల్ 1.9కి వచ్చింది. కరెంటు ఆపి చూస్తే పీక్ టక్కున పడటం లేదు, వేగంతో పాటే దిగింది. ఆగిన వెంటనే గార్డు తీసి, పంపు చల్లారకముందే వేడి మీదే డయల్ పెట్టాం. ఈ పనికి ముగ్గురు ముందే ఎవరి పనిముట్టు వారు పట్టుకుని నిలబడాలి, పది పదిహేను నిమిషాలు దాటితే ఆ రీడింగ్ మీద నాకు నమ్మకం ఉండదు. మోటారు 0.02 పైన. మనం కొలిచిన వేడి, వేసిన లెక్క రెండూ దాదాపు సరిపోయాయి. ఆ 0.02 అలాగే వదిలేశాను, దాని కోసం కాళ్లు మళ్లీ విప్పడం మంచిది కాదు.

అరవై రోజుల తర్వాత గార్డు తీసి చూస్తే బేస్ మీద నల్ల పొడి లేదు, మామూలు బగాసీ (చెరకు పిప్పి) దుమ్మే ఉంది. స్టాండ్‌బై పంపుకూ ఇదే వరసలో పని చేయాలని పర్మిట్ అడిగి పెట్టాను, దాని సక్షన్ సపోర్టు దిమ్మె కూడా అదే నేల మీద ఉంది.

బాబాయ్ తన చేత్తో బేస్ ఫ్రేమ్ మీద తెల్ల పెయింటుతో రాశాడు: చల్లగా మోటారు 15 గీతలు పైకి. డయల్‌లో ఒక గీత 0.01 మిల్లీమీటరు, ఫిట్టర్లు అలాగే లెక్కపెడతారు. కింద స్టాండ్ వంపు ఎంతో, తేదీ ఎంతో కూడా రాశాడు. సీజన్ చివర్లో క్లీనింగ్ కోసం ఒకరోజు పంపు ఆపినప్పుడు రాత్రి షిఫ్టు ఫిట్టర్ నాకు ఫోన్ చేశాడు. "సార్, కప్లింగ్ చూశాను, మోటారు పదిహేను గీతలు పైకి ఉంది. దించేయమంటారా?" టార్చి వేసి బేస్ మీద ఏం రాసి ఉందో చదవమన్నాను. ఫోన్‌లో కాసేపు మాట లేదు, తర్వాత అక్షరం అక్షరం కూడబలుక్కుంటూ చదివాడు. "సరే సార్, గార్డు వేసేస్తాను," అన్నాడు.